ఊరెళ్లని వాళ్ల ఆదివారాలు

సంపాదకుల వారికి నమస్కారం.

ఎండలు మొదలైనప్పటి నుంచి మీ ఆదివారం పేజీల్లో వారానికొక విహారస్థలం గురించి వేస్తున్నారు. అరకు వేశారు, ఊటీ వేశారు, పోయిన వారం కూర్గ్ వేశారు. ఆ కాఫీ తోటల ఫొటోను మా పిల్లలు కత్తిరించి బీరువా తలుపుకు అంటించుకున్నారు. అవి వేయొద్దని నేను చెప్పడం లేదు. కానీ వేసవిలో ఈ నగరం దాటి ఎక్కడికీ పోలేని వాళ్లం కూడా మీ పత్రిక కొంటాం, చదువుతాం. మా శని, ఆదివారాల గురించి ఒక మాట చెప్పుకుందామని ఈ ఉత్తరం. పొడుగైతే మన్నించండి, చాన్నాళ్లుగా మనసులో ఉన్న మాట.

నేను రామ్‌నగర్‌లో ఉంటాను. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. పద్దెనిమిదేళ్ల నుంచి ఇదే పని. అందరికీ వేసవి సెలవులైతే మాకు సీజను. పెళ్లి పట్టుచీరలకు ఫాల్స్, పీకో, కుచ్చులు, లైనింగ్ జాకెట్లు, మగ్గం పనికి పంపి తెచ్చి కుట్టేవి. తెల్లారి అయిదింటికి కూర్చుంటే రాత్రి పదకొండింటికి లేస్తాను. ఈ రెండు నెలల సంపాదనతోనే జూన్‌లో పిల్లల బడి ఫీజు కట్టాలి. మా ఆయన బట్టల షాపులో సేల్స్‌మన్. పెళ్లి బట్టలకు జనం వచ్చేదే ఆదివారం కాబట్టి ఆయనకు ఆ రోజు సెలవు ఉండదు. జనగామ జిల్లాలోని ఊళ్లో మా పెంకుటిల్లు మూడేళ్ల కింద వానలకు కూలిపోయింది. అప్పటి నుంచి మా అత్తమ్మ కూడా మాతోనే ఉంటోంది. ఇక పిల్లలను పంపడానికి ఊరెక్కడ ఉంది?

బడికి ఏప్రిల్ 24న సెలవులిచ్చారు. మళ్లీ తెరిచేది జూన్ 12న. మధ్యలో ఏడు ఆదివారాలు. పాప ఎనిమిది పాసై తొమ్మిదికి వచ్చింది, బాబు నాలుగు నుంచి అయిదుకు వచ్చాడు. మిగతా రోజులంతా ఫోను, టీవీ, గల్లీలో క్రికెట్. ఆదివారం మాత్రం ఏదో ఒకటి చూపించాలని ఈ ఏడాది గట్టిగా అనుకున్నాను. నా కొలతల పుస్తకం వెనక అట్ట మీద ఏడు తేదీలు రాసి పెట్టుకున్నాను.

మేమొక్కళ్లమే కాదు. మా గల్లీలోనే చూడండి. కింది పోర్షన్‌లో ఉండే ఆమె ఆసుపత్రిలో ఆయా. ఎదురింటి అబ్బాయి బండి మీద భోజనం పార్శిళ్లు తీసుకెళ్లి ఇస్తుంటాడు. చివరింట్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలు నలుగురు, తెల్లారితే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఉంటారు. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్లది శ్రీకాకుళం వైపు. ఉన్నవాళ్లంతా ఊళ్లకు పోతారు కాబట్టి వేసవిలో ఆయన అసలే కదలడానికి లేదు, ఇళ్లకు కాపలా ఉండాలి. వీళ్లందరికీ పిల్లలున్నారు, లేదా వీళ్లే ఇంకా పిల్లలు.

మొదటి ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితం కదా, నాకు, అత్తమ్మకు, పాపకు ఆధార్ చూపిస్తే సరిపోయింది. బాబు ఒక్కడికి హాఫ్ టికెట్ కొన్నాం. అదే లేకపోతే ఆటోకు పోను రాను అయ్యే డబ్బు తలుచుకుని ఇంట్లోనే ఉండేవాళ్లం. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మాలాంటి ఇళ్లలో ఆడవాళ్లు పిల్లలను వెంటబెట్టుకుని నగరం చూడ్డానికి బయల్దేరడం ఇప్పుడు మునుపటంత కష్టం కాదు. దారి దొరికింది. వెళ్లిన చోట ఏముంది అన్నదే ఇక చూసుకోవాలి.

మేలిముసుగు రెబెక్కా విగ్రహం ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ, 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నారట. నేను నెట్, షిఫాన్, జార్జెట్ అన్నీ కుట్టినదాన్ని. పలచటి బట్ట ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారుతుంది, ఎక్కడ ఒంటికి అంటుకుంటుంది అన్నది నా వేళ్లకు తెలుసు. ఆ రాతిలో ముక్కు మీద ముసుగు కాస్త బిగుసుకుని, చెంప దగ్గరికి వచ్చేసరికి వదులై, గడ్డం కింద సన్నటి మడతలుగా దిగింది. ముసుగు లోపల కనురెప్పలు తెలుస్తున్నాయి. జార్జెట్ అచ్చం అలాగే పడుతుంది. మా పాప "అమ్మా, ఇది నిజంగ రాయేనా? లోపల ముఖం వేరే చేసి పైన బట్ట కప్పిన్రా?" అని అడిగింది. ఒకటే రాయి అని చెబితే నమ్మలేదు, అటు పోయి ఇటు పోయి మూడుసార్లు చూసింది. ఇంటికొచ్చాక ఆ రాత్రి నా దగ్గర మిగిలిన నెట్ ముక్క తీసుకుని తన ముఖం మీద వేసుకుని అద్దంలో చూసుకుంది. ఏ సమ్మర్ క్యాంపులో ఎంత ఫీజు కడితే ఇది వస్తుంది?

పన్నెండు కావస్తుంటే అందరూ గడియారం దగ్గరికి నడవడం మొదలుపెట్టారు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ నుంచి వచ్చిన గడియారం అది. గంట గంటకూ గడ్డమున్న చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి ఎక్కువమంది దానికోసమే కూర్చుంటారు. మేం పదిహేను నిమిషాల ముందు పోతే అప్పటికే కుర్చీలు, బెంచీలు నిండిపోయాయి. చంటిపిల్లల తల్లులు, కర్ణాటక నుంచి వచ్చిన బడిపిల్లలు, కాళ్లు చాపుకుని కింద కూర్చున్న ముసలివాళ్లు. బొమ్మ బయటికి రాగానే అంతమందిలో ఒక్కరూ మాట్లాడలేదు. బాబు దెబ్బలు వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఆ బొమ్మ చేసే పని ఒక్కటే, అది కూడా కాసేపే. అయినా జనం అంత ఓపికగా కూర్చున్నారంటే అది చెప్పిన వేళకు వస్తుందన్న నమ్మకం. ఆ నమ్మకం గురించే నేను ఇక్కడ రాయాలనుకుంటున్నాను.

రెండో ఆదివారం. జాకెట్లకు వచ్చే ఒకావిడ వాట్సాప్‌లో ఆహ్వానపత్రం పంపింది. "శాస్త్రీయ నృత్య ప్రదర్శన, సాయంత్రం 5.30 గంటలకు, ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే" అని ఉంది. ఏ సంస్థ, ఏ హాలు అన్నది ఇక్కడ రాయను. ఒక్కళ్ల మీద ఫిర్యాదు కాదిది, చాలాచోట్ల ఇలాగే జరుగుతోంది. మూడింటికే మిషన్ మీద గుడ్డ కప్పేసి, మర్నాడు ఇవ్వాల్సిన రెండు జాకెట్ల హుక్కులు, కాజాలు రాత్రికి పెట్టుకుని, అయిదుంబావుకు హాల్లో కూర్చున్నాం. ఏసీ చల్లగా ఉంది. మా పై పోర్షన్ గదిలో నుంచి వచ్చినవాళ్లకు అదే పెద్ద పండగ. అత్తమ్మ కొంగు నెత్తి మీద నుంచి తీసి హాయిగా వెనక్కి వాలింది.

ఆరున్నర దాటాక జ్యోతి వెలిగించారు. వేదిక మీద ఏడు కుర్చీలు. ఏడుగురినీ పేరు పేరునా పిలిచారు, ఒక్కొక్కరి గురించి ఒక్కో పేజీ చదివారు. ఒక్కొక్కరికీ బొకే, శాలువా, మెమెంటో, ఫొటో. తర్వాత ఏడుగురూ మాట్లాడారు. అందరూ పెద్దవాళ్లే, మంచి మాటలే చెప్పారు. సంస్కృతిని కాపాడుకోవాలన్నారు, పిల్లలకు మన కళలు నేర్పాలన్నారు. ఆ నేర్చుకున్న పిల్లలు అప్పుడు మా వెనక వరసలో కూర్చుని ఉన్నారు.

అందులో ఏడేళ్ల పాప ఒకతి కూచిపూడి వేషంలో ఉంది. కాళ్లకు పారాణి, గజ్జెలు, పూలజడ, నుదుటి మీద పాపిటబిళ్ల, మోకాళ్ల మీద పరుచుకున్న కుచ్చుల విసనకర్ర. కుట్టేదాన్ని కదా, ముందు నా కళ్లు ఆ కుచ్చుల మీదకే పోయాయి. నలిగిపోతాయని వాళ్లమ్మ పాపను వెనక్కి ఆనుకోనివ్వడం లేదు. మూడింటికి మేకప్ మొదలుపెట్టారట. దాహం అంటే నీళ్ల సీసాలో స్ట్రా వేసి, పెదాల రంగు పోకుండా కొద్ది కొద్దిగా తాగించింది. పాప అయిదు నిమిషాలకోసారి "పిలిచిన్రా?" అని అడుగుతోంది. "ఇంకా లేదు, కూర్చో." మళ్లీ "పిలిచిన్రా?" ఎనిమిది దాటాక ఒక ప్రార్థన గీతం అయింది. ఆ తర్వాత ఆలస్యంగా వచ్చిన అతిథి ఒకరిని వేదిక మీదకు పిలిచి మళ్లీ శాలువా కప్పారు. ఎనిమిది నలభైకి మొదటి నృత్యం. పెద్దమ్మాయి ఎవరో ఆడింది, ఎంత బాగా ఆడిందో! బాబు ఆకలి అని ఏడుపు మొహం పెట్టాడు. అత్తమ్మ మోకాళ్లు పట్టేశాయి. ఇంకా ఆలస్యమైతే బస్సు దొరకదేమోనని లేచాం. లేచి వెనక్కి చూస్తే ఆ పాప జడ, పూలు, గజ్జెలతో సహా వాళ్లమ్మ ఒళ్లో పడుకుని నిద్రపోతోంది. స్ట్రా ఇంకా చేతిలోనే ఉంది. హాలు సగానికి పైగా ఖాళీ అయింది. శాలువాలు కప్పించుకున్న వాళ్లు కూడా చాలామంది వెళ్లిపోయారు.

బస్టాపులో అత్తమ్మ అంది: "ఆడవచ్చినోళ్లను కూసోబెట్టి, మాట్లాడవచ్చినోళ్లను నిలబెట్టిన్రు గదనే."

డెబ్బయి దాటిన మా అత్తమ్మ చదువుకోలేదు. కానీ కళ అంటే ఏంటో నాకన్నా ఎక్కువ తెలుసు. వాళ్ల చిన్నప్పుడు యాసంగి కోతలయి, వడ్లు ఇంటికి చేరాక, ఎండాకాలం రాత్రులే కథల రోజులట. పొలాల్లో పని ఉండదు, పగలు ఎండకు ఎవరూ బయటికి రారు, చల్లబడ్డాక ఊరంతా చాపలు తెచ్చుకుని కూర్చునేది. ఒగ్గు వాళ్లు వచ్చి బీరప్ప కథో, ఎల్లమ్మ కథో, మల్లన్న కథో చెబితే తెల్లవార్లూ వినేవాళ్లట. డోలు దెబ్బ పడితే పక్క ఊరి వాళ్లు కూడా నడిచొచ్చేవాళ్లు. జనగామ దగ్గరి మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారి కథ విన్నానని మా అత్తమ్మ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. భుజం మీది కండువా నెత్తి మీదకు లాగితే మగమనిషి ఆడమనిషి అయిపోయేవాడట, గొంతు కూడా మారిపోయేదట. చిందు భాగవతం వాళ్లు వస్తే వేరే సంబరం. అంటే మన పల్లెల్లో ఎండాకాలమే కళలకు అసలైన కాలం. నగరానికొచ్చాక అది తలకిందులైంది. "ఎండలు కదా, జనం రారు, వానలు పడ్డాక పెడదాం" అంటారు నిర్వాహకులు.

జనం రాకపోవడమేంటండీ? మా ఇల్లు చూడండి. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పన్నెండు దాకా సెగలు కక్కుతుంది. కూలర్ వేస్తే ఉక్క, వేయకపోతే మంట. సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి మా గల్లీలో ఒక్కరు ఇంట్లో ఉండరు. మెట్ల మీద, అరుగుల మీద, సుందరయ్య పార్కు గడ్డిలో, ఎక్కడ గాలి తగిలితే అక్కడ. ఆ పార్కులో ఒక డోలు, ఒక మైకు పెట్టి ఎవరైనా కథ మొదలుపెడితే పోస్టర్ కూడా అక్కర్లేదు. జనం అప్పటికే అక్కడ ఉన్నారు.

2021లో ట్యాంక్ బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేసి సండే ఫండే అని పెట్టారు, మీకు గుర్తుండే ఉంటుంది. అయిదు నుంచి పది దాకా జనం రోడ్డు మీద నడిచారు. బ్యాండు వాయించారు, చేనేత స్టాళ్లు పెట్టారు. తర్వాత చార్మినార్ దగ్గర కూడా అలాంటి సాయంత్రాలు నడిపారు. అప్పుడు మా బాబు చిన్నవాడు, నా చంకనెక్కి చూశాడు. ఉపన్యాసం లేదు, ఆహ్వానపత్రం లేదు, ముందు వరస కుర్చీలు ఎవరికీ రిజర్వు చేయలేదు. నీళ్ల మీద నుంచి గాలి, ఎదురుగా బుద్ధుడు. తర్వాత ఆ ఆదివారాలు నిలకడగా జరగలేదు. ఏ వారం ఉంటుందో, ఏ వారం ఉండదో తెలియక మేం పోవడం మానేశాం. ఎందుకు ఆగాయో కారణాలుంటాయి. కానీ మాలాంటి వాళ్లకు నెలకొక పెద్ద ఉత్సవం కన్నా, ప్రతి ఆదివారం తప్పకుండా ఉండే చిన్నదే మేలు.

బాగా జరుగుతున్నవి లేవని కాదు. మూడో ఆదివారం ఉప్పల్ మినీ శిల్పారామానికి వెళ్లాం. మాదాపూర్ శిల్పారామంలో లాగే అక్కడా వారాంతాల్లో సాయంత్రం పూట నృత్యం ఉంటుంది. గేటు టికెట్ తీసుకుని లోపలికి పోతే మెట్ల మీద కూర్చుని చూడొచ్చు. వెళ్లిన కాసేపటికే మొదలైంది, ఎనిమిదికల్లా అయిపోయింది. పిల్లలు చివరిదాకా కదల్లేదు. పాప గజ్జెల చప్పుడుకు తాళం వేసుకుంటూ వచ్చింది బస్సులో. సురభి వాళ్ల సంగతి కూడా చెప్పాలి. 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో కీచకవధతో మొదలైన నాటక సమాజం, తరాల తరబడి అవే కుటుంబాల వాళ్లు ఆడుతున్నారు. రెండేళ్ల కింద వాళ్ల మాయాబజార్ చూశాం. టికెట్ కొనుక్కునే వెళ్లాం. చెప్పిన వేళకు గంట మోగింది, తెర లేచింది. లడ్లు వాటంతట అవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోతుంటే బాబు సీట్లోంచి లేచి నిలబడ్డాడు. వెనక వాళ్లు కూర్చోమని అరిచినా వాడికి వినబడలేదు. టికెట్ కొన్నవాళ్లను మూడు గంటలు కూర్చోబెట్టి శాలువాలు కప్పలేరు కదా. ఉచితంగా వచ్చేవాళ్ల వేళ కూడా అంతే విలువైనదని చెప్పడమే నా ఉద్దేశం. ఆ రెండు గంటల కోసం నేను రెండు జాకెట్ల కూలి పక్కన పెట్టి వస్తాను.

సన్మానాలు వద్దని నేను అనను. కళాకారులను ఆదరించడానికి ఎవరో ఒకరు చేతి నుంచి డబ్బు పెడుతున్నారు, హాలు అద్దె కడుతున్నారు, వాళ్లను గౌరవించాలి. ముందు ఆట జరగనివ్వండి, శాలువాలు తర్వాత కప్పుకోండి. పిల్లల నృత్యం చూసిన మనసుతో పెద్దలు మాట్లాడితే నాలుగు మాటలైనా వినాలనిపిస్తుంది. ఇంటికి దూరం పోవాల్సిన వాళ్లు లేచిపోయినా ఆడిన పిల్లలకు అన్యాయం జరగదు. చిన్నపిల్లలు ఆడేవి మొదట పెట్టండి. ఇది డబ్బు ఖర్చయ్యే మార్పు కాదు, కాగితం మీద రెండు వరసలు పైకీ కిందకీ మార్చడం.

ఇప్పుడు మీ పత్రికకు నా విన్నపం. "నేడు నగరంలో" అని రోజూ వేస్తారు. నేను రోజూ చూస్తాను, కత్తిరించి కొలతల పుస్తకంలో పెట్టుకుంటాను. కానీ ఆ రోజు పొద్దున చదివి ఆ సాయంత్రానికి బయల్దేరడం నాలాంటి దానికి కుదరదు. పని ముందు రోజే సర్దుకోవాలి. శుక్రవారం పేపర్లో శని, ఆదివారాల కార్యక్రమాలన్నీ ఒక్కచోట వేయండి. ఇంకోటి కూడా గమనించాను. ఆ కాలమ్‌లో సంస్థ పేరు ఉంటుంది, ముఖ్య అతిథి పేరు, విశిష్ట అతిథుల పేర్లు ఉంటాయి. పాడేది ఎవరు, ఆడేది ఎవరు, ఏ పాట, ఏ నాటకం అన్నది మాత్రం చాలాసార్లు ఉండదు. నాటకం చూడబోయేవాళ్లకు కావలసింది నాటకం పేరు కదండీ. ముందు అది వేయండి. ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగింపు, టికెట్ ఉందా, దగ్గరి బస్టాపు ఏది, ముసలివాళ్లు ఎక్కడానికి మెట్లు ఎక్కువా తక్కువా. అయిదారు వాక్యాలు చాలు. ముగింపు వేళ అచ్చులో పడితే నిర్వాహకులకు కూడా ఆ వేళ గుర్తుంటుంది.

వేయడానికి విషయానికి కొరత లేదు. ఈ ఎండల్లోనే ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పంతులు గారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటారు. వైశాఖ పౌర్ణమికి అన్నమయ్య జయంతి, ఊరంతా కీర్తనలు పాడతారు. మే 7 రవీంద్రుడి జయంతి, ఆయన శతజయంతి గుర్తుగా 1961లో వచ్చిన రవీంద్రభారతి మనకు ఉండనే ఉంది. జూన్ 2 రాష్ట్ర అవతరణ దినం. రవీంద్రభారతిలోనే పైడి జైరాజ్ పేరు మీదున్న చిన్న థియేటర్లో శనివారాలు సినివారం అని కొత్త పిల్లల లఘుచిత్రాలు వేసేవారు, మా ఎదురింటి అబ్బాయి డ్యూటీ మానుకుని మరీ పోయేవాడు. పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది, తక్కువ ఫీజుకు పాట, ఆట, బొమ్మలు నేర్పుతారు. అదే తోటలో రాష్ట్ర మ్యూజియం ఉంది, అందులో ఈజిప్టు మమ్మీ ఉందని చెబితే మా గల్లీలో సగం మంది నమ్మలేదు. త్యాగరాయ గానసభ మాకు నడిచిపోయేంత దూరం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నాలుగో ఆదివారం పొద్దున ఎనిమిదింటికే వెళ్లి ఎండ ముదరకముందే వచ్చాం. పాపకు ఎంబ్రాయిడరీ డిజైన్ల పాత పుస్తకం ఒకటి దొరికింది, ముప్పై రూపాయలు. అందులోని నెమలి ఒకటి ఇప్పుడు ఒక పెళ్లికూతురి జాకెట్టు చేతి మీదకు ఎక్కింది.

ప్రభుత్వం వాళ్లకు కూడా రెండు మాటలు, మీ ద్వారా. వేసవిలో శనివారాలైనా మ్యూజియాలు రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచండి. సాలార్‌జంగ్ అయిదింటికి మూసేస్తారు. నలభై రెండు డిగ్రీల ఎండలో మిట్టమధ్యాహ్నం అత్తమ్మను, పిల్లలను వెంటేసుకుని మూసీ ఒడ్డున నడవడం ఎంత కష్టమో మేం చూశాం. దేశమంతా తిరిగే వాళ్లు పగలు వస్తారు, ఊళ్లో పనిచేసుకునే వాళ్లం సాయంత్రమే రాగలం. ఇంక రెండోది, వేసవి సెలవుల ఆదివారాల్లో పార్కుల్లో ఒగ్గు కథో, చిందు భాగవతమో, బుర్రకథో పెట్టించండి. ఆటలకు జీహెచ్‌ఎంసీ వాళ్లు ఏటా వేసవి శిబిరాలు పెడతారు, గ్రౌండ్లలో పొద్దున్నే పిల్లలు కనబడతారు. కళలకు కూడా అలాంటిది ఒకటి కావాలి. సాయంత్రం ఆరున్నరకు మొదలై ఎనిమిదికి అయిపోవాలి. కళాకారులకు వాళ్లకివ్వాల్సింది ఇచ్చి పంపాలి. తాగడానికి నీళ్లు పెట్టాలి. కుర్చీలు అవసరం లేదు, మా చాపలు మేమే తెచ్చుకుంటాం. మా అత్తమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న ఈత చాప ఇప్పటికీ గోడకు ఆనించి ఉంది.

చివరగా ఒక్కటి. స్ట్రాతో నీళ్లు తాగిన ఆ పాప ఆ రాత్రి ఏం ఆడిందో, ఎన్నింటికి ఆడిందో మాకు తెలియదు. మా పాప రెండుసార్లు అడిగింది, "అమ్మా, ఆమెను లేపిన్రా? ఆడిందా?" అని. ఆ సంస్థ వాళ్లు ఈ ఉత్తరం చదివితే, ఆ పాప మళ్లీ ఎక్కడైనా ఆడేటప్పుడు వేళ ముందుగా మీ పత్రికకు పంపమని నా మనవి. మీరు శుక్రవారమే వేయండి. సెలవుల్లో మాకు ఇంకా మూడు ఆదివారాలున్నాయి, కొలతల పుస్తకం అట్ట మీద ఆ మూడు తేదీల ఎదుట ఖాళీగానే ఉంచాను.

ఇట్లు,
జాకెట్లు కుట్టే ఒక పాఠకురాలు,
రామ్‌నగర్, హైదరాబాద్